పెన్సిల్‌తో వేసిన అయిదు

మేడమ్ పోయారన్న కబురు మంగళవారం పొద్దున నేను ఓపీలో ఉండగా వచ్చింది. ఫోన్‌లో వాళ్ల చెల్లెలు ఏడవలేదు. "అక్క పొయ్యింది పాపా, ఇప్పుడే" అని పెట్టేసింది. నా ఎదురుగా స్టూలు మీద కూర్చున్న మనిషి తన జ్వరం ఎన్నాళ్లదో వేళ్లు మడిచి లెక్క చెబుతున్నాడు. నేను ఫోన్ బల్ల మీద బోర్లించి, ఆయన్ని నాలుక చాపమన్నాను. వరుసలో ఉన్నవాళ్లందర్నీ చూశాకే లేచాను. ఆ రోజు ఎవరికి ఏ మందు రాశానో అడిగితే చెప్పలేను. మేడమ్ అయితే అడిగేవారు.

మేడమ్ అంటే మా మైక్రోబయాలజీ ప్రొఫెసర్. ఉత్తర చెన్నైలో మేం పనిచేసే సర్కారు ఆస్పత్రిలో ఆమె ల్యాబ్ కింది అంతస్తులో, మార్చురీకి వెళ్లే దారిలో ఉండేది. రోగి ఒంట్లోంచి తీసిన రక్తాన్నో మూత్రాన్నో పళ్లెంలో పెట్టి, అందులో ఏ సూక్ష్మజీవి పెరుగుతుందో, అది ఏ మందుకు చస్తుందో చెప్పడం వాళ్ల పని. దాన్నే కల్చర్ అంటాం. ఫలితం తెలియడానికి రెండు మూడు రోజులు పడుతుంది. రోగి అన్నాళ్లు ఆగలేడు కాబట్టి డాక్టరు ముందే ఊహించి ఒక మందు మొదలుపెడతాడు. ఆ ఊహ ఎంత నిజమో చూడడానికే మేడమ్ తన ఉద్యోగమంతా ధారపోశారు. రోగులెవరికీ ఆమె మొహం తెలియదు. బతికి ఇంటికి వెళ్లినవాళ్లలో ఒక్కరైనా ఆమెకు దండం పెట్టగా నేను చూడలేదు.

పోయిన వారం ఆస్పత్రిలో సంతాప సభ జరిగింది. ఫ్లెక్సీ కట్టారు. ఎవరి పెళ్లిలోనో తీసిన ఫొటో అది. పక్కవాళ్లను కత్తిరించినా ఎవరిదో పట్టుచీర భుజం ఒకటి మిగిలిపోయింది. జూనియర్ డాక్టర్లలో ఆత్మవిశ్వాసం నింపిన మహనీయురాలు అని తమిళంలో పెద్ద అక్షరాలు. పెద్దలు ఒకరి తర్వాత ఒకరు మైకు పట్టుకుని ఆ మాటే తిప్పి తిప్పి అన్నారు. నాకు రెండు నిమిషాలు ఇస్తే నేనూ ఆ పాటే పాడి వచ్చి కూర్చున్నాను. అదంతా అబద్ధం. ఆమె మాకు నేర్పింది అనుమానపడడం. ఆ సభలో నోరు పెగలక చెప్పలేకపోయిన మాటలు ఇక్కడ రాస్తున్నాను, చదవడానికి బాగుండకపోయినా.

నేను హౌస్ సర్జన్‌గా చేరినప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. మా నాన్న పెరంబూరు రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టరు. మా క్వార్టర్స్ లైన్‌లో మొదటి డాక్టర్ని నేనే కావడంతో ఆ ఏడాది నా నడకే మారిపోయిందని మా అమ్మ ఇప్పటికీ వెక్కిరిస్తుంది. మొదటి వారంలోనే మేడమ్ మమ్మల్ని ల్యాబ్‌కు పిలిచి ఒక పొడుగాటి నోటుబుక్ చూపించారు. యాంటీబయాటిక్ రాసిన ప్రతిసారీ అదే రోజు వచ్చి ఒక వరుస నింపాలి. మంచం నంబరు, మందు పేరు, రాసిన డాక్టరు పేరు. దాని పక్కన, ఆ మందు పనిచేస్తుందని మనకు ఎంత నమ్మకమో ఒకటి నుంచి అయిదు దాకా ఒక అంకె. అంకె మాత్రం పెన్సిల్‌తోనే వేయాలి. చివరి గడి ఆమెది. కల్చర్ ఫలితం తేలిన రోజు అందులో ఆమె ఎర్ర పెన్సిల్‌తో నిజం రాసేవారు.

ఆ అంకెలకు మేం అర్థాలు కట్టుకున్నాం. ఒకటి అంటే దేవుడి మీద భారం. మూడు అంటే సీనియర్ చెప్పాడు, నాకేం తెలుసు. అయిదు అంటే దేవుడితోనైనా పందెం. పెన్సిలే ఎందుకని మాలో ఒకరు అడిగితే, ఫలితం వచ్చేలోపు మనసు మారితే చెరిపి మార్చుకోవడానికి అన్నారామె. ఇన్నేళ్లలో చెరిపినవాళ్లను ఇంకా చూడలేదని కూడా అన్నారు. ఆమె పెన్సిల్ ఎప్పుడూ కొప్పులో ఉండేది. షార్పనర్ ఉన్నా వాడేవారు కాదు, పాత బ్లేడుతో పొడుగ్గా చెక్కుకునేవారు.

నా మొదటి అయిదు పద్నాలుగో నంబరు మంచానికి వేశాను. ఆయనది వ్యాసర్పాడి. రైల్వే యార్డులో మూటలు మోసేవాడు. కాలికి ఇనుప రేకు గీరుకుని, అది ముదిరి, ఒళ్లు కాలిపోతూ వచ్చాడు. నాకు క్షణం పట్టలేదు. పుస్తకంలో ఉన్న మందు రాసి, రక్తం, చీము కింది ల్యాబ్‌కు కల్చర్‌కి పంపి, నోటుబుక్‌లో అయిదు గట్టిగా నొక్కి వేసి మరిచిపోయాను. మూడో రోజు మేడమ్ కబురు పెట్టారు.

"ఈడ రా పాపా. నీ మందు ఏదో చూపించు" అన్నారు.

గాజు పళ్లెంలో సూక్ష్మజీవి పల్చటి మీగడలా పరుచుకుని ఉంది. దాని మీద మందులు అద్దిన చిన్న కాగితం బిళ్లలు. పనిచేసే మందు బిళ్ల చుట్టూ మీగడ పోయి గుండ్రంగా ఖాళీ మిగులుతుంది. నా మందు బిళ్ల చుట్టూ ఖాళీ లేదు. అంచుదాకా మీగడే.

"చూడు, నీ మందును ఆనుకోని ఎంత సుకంగా కాపరం ఉండాయో. పో, వార్డుకి పొయ్యి మందు మార్చు. ఏడిచేది ఆనక ఏడుద్దువు" అన్నారు.

మార్చాను. మూడు రోజులు అప్పటికే పోయాయి. ఆయన బతికాడు గానీ మోకాలి కింద కాలు తీసేశారు. ఆ మూడు రోజులు సరైన మందు పడి ఉంటే కాలు నిలిచేదా అంటే ఎవరూ చెప్పలేరు. ఆయన భార్య మాత్రం వెళ్లేటప్పుడు నా చేతులు కళ్లకద్దుకుంది. ఆ చేతులను నేను చాలాసేపు కొళాయి కింద పెట్టుకుని నిలబడ్డాను.

ఆ సాయంత్రం మేడమ్ నాకు తన టిఫిన్ డబ్బా మూతలో కొంచెం పెరుగన్నం పెట్టి, నోటుబుక్ వెనక్కి తిప్పుతూ ఒక సంగతి చెప్పారు. ఆమె మాటల్లో నాకు అన్నిటికన్నా గట్టిగా గుర్తున్నది అదే.

"రెండు, మూడు వేసినోళ్లు పొద్దన్నే ఫోన్ చేసి, రిపోర్టు వచ్చిందా మేడమ్, వచ్చిందా మేడమ్ అని నా ప్రాణం తీస్తారు. అయిదు వేసినోళ్లు ఒక్కరూ చెయ్యరు. నువ్వు చేసినావా?"

చేయలేదు. ఆమె కొలిచింది మా ధైర్యాన్ని కాదని ఆ రోజు అర్థమైంది. అయిదు వేసినవాడు ఆ తర్వాత రోగి వైపు తిరిగి చూస్తాడా లేదా అన్నది ఆమె లెక్క.

ఆమె వంశం ఎప్పుడో నెల్లూరు నుంచి వచ్చి తొండియార్‌పేటలో స్థిరపడింది. వాళ్ల నాన్న హార్బరులో క్రేను నడిపేవాడు. పెళ్లి చేసుకోలేదు. స్కూలు టీచరుగా రిటైరైన చెల్లెలితో కలిసి అదే ఇంట్లో ఉండేవారు. ఆదివారం తెలుగు చర్చికి వెళ్లొచ్చి, పళ్లేలు చూడాలని మళ్లీ ల్యాబ్‌కు వచ్చేవారు. నాతో తెలుగు మాట్లాడడం ఆమెకు ఇష్టం. తిట్టడానికి తమిళం చాలదు పాపా అనేవారు. నా పెళ్లికి రాలేదు. ఆ రోజు చూడాల్సిన పళ్లేలు ఉన్నాయట. ఒక డజను పెన్సిళ్లు పంపించారు. మా అత్తగారు వాటిని చూసి ఈమెకేమైనా తిక్కా అంది.

అన్నిటికన్నా బలమైన ఒక ఇంజెక్షన్ ఉండేది. దానికి ఆమె పెట్టిన పేరు పెద్దబావ. వార్డులో నర్సులు కూడా అలాగే పిలిచేవారు. ఎవరైనా చిన్న జ్వరానికి దాన్ని రాస్తే మేడమ్ మెట్లెక్కి వార్డుకు వచ్చేవారు. ప్రతి పంచాయితీకీ పెద్దబావను పిలవబాకండి, రేపు నిజంగా ఇల్లు అంటుకుంటే ఆయన మాట ఎవురూ వినరు అనేవారు. డాక్టర్లు ఆమె వెనక నవ్వుకునేవారు. పళ్లేల మేడమ్ అని పేరు పెట్టారు. ఒక పెద్ద సర్జన్ తన జూనియర్లు ఆ నోటుబుక్ ముట్టుకోవడానికి వీల్లేదని మీటింగులోనే అన్నారు. సంతాప సభలో అందరికన్నా ఎక్కువసేపు మాట్లాడింది ఆయనే.

రిటైరైన రోజు ఆమె దండలు వేయించుకోలేదు. నోటుబుక్, సగం అరిగిన ఎర్ర పెన్సిల్ నా చేతిలో పెట్టారు. అప్పటికి నేను అదే ఆస్పత్రిలో మెడిసిన్ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌ని. ఎవరు రాసినా రాయకపోయినా మొదట రక్తం, ఆనక మందు, ఇది మాత్రం వదలబాక అన్నారు. మందు ఒంట్లోకి వెళ్లాక రక్తం తీస్తే సూక్ష్మజీవి దాక్కుంటుంది, పళ్లెంలో మొలవదు. దొంగ ఇంట్లోనే ఉంటాడు, మొహం మాత్రం కనపడదు. అందుకే సూది మందు కన్నా ముందు రక్తం సీసాలోకి వెళ్లాలి. అయిదు నిమిషాల పని. హడావుడిలో అందరం తప్పేది అక్కడే.

రెండేళ్లు నోటుబుక్ నడిపాను, ఆమె పెన్సిల్ అరగకుండా దాచి, వేరే ఎర్ర పెన్సిల్‌తో. తర్వాత ఆస్పత్రికి తనిఖీ బృందం వస్తుందన్నారు. జూనియర్ డాక్టర్లకు యాంటీబయాటిక్ శిక్షణ ఇస్తున్నట్టు రుజువు కావాలన్నారు. చేతిరాత నోటుబుక్ రుజువు కాదట. అందుకని ఒక పూట వర్క్‌షాప్ పెట్టాను. ఉదయం రాగానే ఫోన్‌లో ఒక ఫారం నింపించాం. యాంటీబయాటిక్ రాయడంలో మీకు ఎంత ఆత్మవిశ్వాసం ఉంది, ఒకటి నుంచి అయిదు. ఆ తర్వాత నాలుగు ఉపన్యాసాలు, బిర్యానీ, మళ్లీ అదే ఫారం. బిర్యానీ తర్వాత అందరి అంకెలూ పెరిగాయి. తెర మీద గ్రాఫులో పొద్దుటి నీలం గీత పక్కన సాయంత్రపు పచ్చ గీత ఇంత పొడుగున లేచింది. అందరికన్నా ముందు అయిదు నొక్కిన కుర్రాడిని స్టేజీ మీదికి పిలిచి నేనే చప్పట్లు కొట్టించాను. చురుకైన పిల్లాడు. వాడు నాకు ఇష్టం.

మేడమ్‌ని ముఖ్య అతిథిగా పిలిచాను. ముందు వరుసలో కూర్చుని చివరిదాకా విన్నారు. ప్రశ్నలుంటే అడగండి అంటే ఆమె ఒక్కరే లేచారు.

"పాపా, పిల్లోళ్లకి ధైర్యం పెరిగిందన్నావు. కరెట్టుగా రాసేది ఎంతమందికి పెరిగింది?"

"అది వేరే స్టడీ మేడమ్" అన్నాను.

హాల్లో కొందరు నవ్వారు. ఆమె "సరి" అని కూర్చున్నారు. ఇన్నేళ్లలో నేను ఆమెకు చెప్పిన సమాధానాల్లో అంత సిగ్గుమాలినది ఇంకొకటి లేదు. వర్క్‌షాప్‌కు మంచి పేరొచ్చింది, ఏటా జరపమన్నారు. నోటుబుక్ బీరువాలోకి వెళ్లింది. దాని సంగతి మేడమ్ మళ్లీ నన్ను అడగలేదు. అడిగి తిట్టి ఉంటే బాగుండేది.

మేడమ్ పోవడానికి మూడు రోజుల ముందు, శనివారం పొద్దున పదింటికి వాళ్ల చెల్లెలు ఫోన్ చేసింది. తెల్లవారుజాము నుంచి అక్కకు చలి, వణుకు, మూత్రంలో మంట, మాట తడబడుతూ ఉంది అని చెప్పింది. మేడమ్‌కు డెబ్బై ఒకటి, షుగరు ఉంది. నేను అప్పుడు కంప్యూటర్ ముందు ఉన్నాను. ఈ ఏటి వర్క్‌షాప్ స్లైడ్లు చేస్తున్నాను, సోమవారానికి ఇవ్వాలి. వాళ్ల వీధి చివర ఒక ప్రైవేటు ఆస్పత్రి ఉంది. నేను చప్పట్లు కొట్టించిన కుర్రాడు చదువైపోయి అక్కడే ఎమర్జెన్సీలో పనిచేస్తున్నాడు. అక్కడికి తీసుకెళ్లమన్నాను.

"ఆ అబ్బాయి బాగా చూస్తాడా పాపా?" అని అడిగింది ఆమె.

"కళ్లు మూసుకుని వెళ్లండి అక్కా" అన్నాను.

వాడికి కూడా ఫోన్ చేశాను. నాకు బాగా కావలసినవాళ్లు, క్షణం ఆలస్యం చేయవద్దు అన్నాను. మొదట రక్తం తీయమని చెప్పలేదు. వాడికి తెలియదా అనుకున్నాను. ఆమె ఎవరో కూడా చెప్పలేదు. సాయంత్రం వెళ్లి చూడాలనుకున్నాను గానీ స్లైడ్లు తెమల్లేదు. ఫోన్ చేస్తే ఐసీయూలో పెట్టాం, అంతా కంట్రోల్‌లోనే ఉంది మేడమ్ అన్నాడు. నేను మళ్లీ అడగలేదు.

ఆదివారం పొద్దున వెళ్లాను. బీపీ నిలబడడం లేదు. కేస్ షీట్ చూశాను. వచ్చిన పావుగంటకే పెద్దబావ పడింది. రక్తం గానీ మూత్రం గానీ కల్చర్‌కి పంపినట్టు ఎక్కడా లేదు. కుర్రాణ్ణి పక్కకు పిలిచి అడిగాను. సీసాలు పై అంతస్తులో ఉన్నాయని, అవి తెచ్చేలోపు నర్సు ఇంజెక్షన్ కలిపేసిందని, క్షణం ఆలస్యం చేయవద్దని మీరే అన్నారు కదా అని తమిళంలో చెప్పాడు. పైగా బలమైన మందే ఇచ్చాను, నాకు ఏ అనుమానమూ లేదు అన్నాడు. వాడి మొహంలో నిజంగానే లేదు. నేను అప్పటికప్పుడు రక్తం తీయించి పంపించాను. రిపోర్టు ఎవరి ఫోన్‌కు పంపాలని అడిగితే నా నంబరు ఇచ్చాను.

బయట బెంచీ మీద చెల్లెలు ఇంకో సంగతి చెప్పింది. సూది గుచ్చబోతుంటే మేడమ్ ఆ వణుకులోనే వాడి చెయ్యి పట్టుకుని, రక్తం తీసినావా నాయనా అని అడిగారట. వాడికి తెలుగు రాదు. తమిళంలో మళ్లీ అడిగారట. రేపు తీద్దాం పాట్టీ, భయపడకండి అన్నాడట వాడు, ఎవరో అవ్వను పిలిచినట్టు. ఈమె ఎవరో తెలుసా నీకు అని చెల్లెలు గొంతు పెంచబోతే మేడమ్ ఆపారట.

"పని చేసేటప్పుడు పిల్లోణ్ణి బెదరగొట్టబాకు అనింది పాపా. అదే కడసారిగా తెలివిగా మాట్లాడింది" అని చెల్లెలు అంది.

లోపలికి వెళితే మేడమ్ మాస్కు వెనక నుంచి నన్ను చూశారు. తెల్లజుట్టు కొప్పు ఊడి దిండు మీద పరుచుకుంది. అందులో పెన్సిల్ లేదు. బాటిల్ అని పెదవులు కదిపారు. పంపాను మేడమ్ అన్నాను. ఎప్పుడు అన్నట్టు కనుబొమ్మ ఎత్తారు. ఇప్పుడే అన్నాను. ఆమె కళ్లు మూసుకున్నారు. తిట్టడానికి కూడా ఓపిక లేదో, తిట్టి లాభం లేదనుకున్నారో తెలియదు.

ఆ తర్వాత రెండు రోజులు అక్కడి డాక్టర్లు ఒక మందు మీద ఇంకో మందు వేశారు. ఒకరు ఒకటి ఊహిస్తే ఇంకొకరు ఇంకొకటి. శత్రువు ఎవరో తెలియకుండా చీకట్లో రాళ్లు విసరడం. నేను డాక్టర్ని కాబట్టి అబద్ధం చెప్పను. మొదటే రక్తం తీసి ఉన్నా ఆమె బతికేవారని రాసివ్వలేను. వయసు, షుగరు, ముదిరిన జబ్బు. కానీ ఎందరి రక్తంలోనో దొంగను పట్టిచ్చిన మనిషిని చంపిన దొంగ పేరు మాకు తెలియలేదు. మా పద్నాలుగో మంచం కూలీకి దొరికిన పళ్లెం ఆమెకు దొరకలేదు. అందుకు కోపం వస్తోంది, ఎవరి మీద వస్తోందో కూడా తెలుసు.

బుధవారం సమాధి చేశారు. శుక్రవారం తొండియార్‌పేటలో వాళ్లింట్లో మూడో రోజు ప్రార్థన. కుర్రాడు కూడా వచ్చాడు. ఆమె ఎవరన్నది అప్పటికి వాడికి ఎవరో చెప్పారు. లోపలికి రాకుండా చెప్పులు విడిచే చోట నిలబడి ఏడుస్తున్నాడు. పాస్టరు గారు వాక్యం చదువుతుండగా నా ఫోన్ మోగింది. మెసేజి. పేషెంటు రిపోర్టు సిద్ధంగా ఉందని, అయిదు రోజుల కల్చర్‌లో ఏ సూక్ష్మజీవీ పెరగలేదని, తమ సేవలు వాడుకున్నందుకు ధన్యవాదాలని, త్వరగా కోలుకోవాలని కోరుకుంటున్నామని. ఏమీ పెరగలేదంటే మామూలు మనుషులకు అది శుభవార్త. నేను లేచి వెళ్లి కుర్రాడికి ఆ మెసేజి చూపించాను. వాడికి అర్థమైంది. వాడి భుజం మీద చెయ్యి వేశాను. క్షమించినట్టు కాదు. క్షమించడానికి నేనెవర్ని?

సోమవారం ఆస్పత్రికి వెళ్లి బీరువా తీశాను. నోటుబుక్ అంచులకు చెదలు పట్టలేదు, అంతవరకు నయం. చివరిసారి నింపిన వరుస కింద ఇంకో వరుస రాశాను. మంచం నంబరు రాశాను. మందు దగ్గర పెద్దబావ అసలు పేరు రాశాను. డాక్టరు పేరు దగ్గర కుర్రాడి పేరులో మొదటి అక్షరం రాసి ఆగాను. కళ్లు మూసుకుని వెళ్లమన్నది వాడు కాదు. ఆ అక్షరం కొట్టేసి నా పేరు రాశాను. పక్క గడిలో పెన్సిల్‌తో అయిదు వేశాను, పద్నాలుగో మంచానికి వేసినట్టే గట్టిగా నొక్కి.

ఇప్పుడు నోటుబుక్ నా బల్ల మీద తెరిచే ఉంది. హౌస్ సర్జన్లు వచ్చి ఇదేంటి మేడమ్ అని అడిగి, చూసి వెళుతున్నారు. చివరి గడిలో రాయడానికి నా దగ్గర ఏమీ లేదు. దాని పక్కన ఎర్ర పెన్సిల్ పెట్టాను. దాని మొన ఇంకా ఆమె బ్లేడుతో చెక్కినట్టే, పొడుగ్గా ఉంది.